ఎడమవైపు బల్ల

పాపకు తెల్లవారుజామున జ్వరం మొదలైంది. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను, మెడ కింద చూశాను, నమ్మకం కుదరక మళ్ళీ నుదురే చూశాను.

"చూసిన కొద్దీ తగ్గుతుందా అది? పళ్ళొస్తున్నాయిలే. నీ మొగుడికీ ఇలాగే వచ్చేది," అంది అత్తయ్య హోటల్ గదిలో పక్క మంచం మీద నుంచే.

పదమూడు నెలల పిల్లకు ఏమొచ్చినా అత్తయ్యకు పళ్ళే, నాకు ప్రాణగండమే. నిజం ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది గానీ, అక్కడ నిలబడే నిదానం నాకెప్పుడూ లేదు. పైగా తొమ్మిదిన్నరలోపు స్టేడియంలో సంతకం పెట్టాలి.

ముందు రోజు నేను క్వాలిఫైయింగ్‌లో, అంటే అసలు పోటీలోకి చోటు కోసం ఆడే ఆటల్లో, ఆఖరి మ్యాచ్ ఓడిపోయాను. టెన్నిస్‌లో ఓడినవాళ్ళకూ ఒక సందు ఉంటుంది. మెయిన్ డ్రాలో, అదే అసలు పోటీలో, ఎవరైనా ఒంట్లో బాగాలేక తప్పుకుంటే, ఖాళీ అయిన చోటు క్వాలిఫైయింగ్‌లో ఓడినవాళ్ళలో ఒకరికి ఇస్తారు. లక్కీ లూజర్ అంటారు. "ఓడినదానికి లక్కేమిటే, మీ మొహాలు!" అంటుంది అత్తయ్య. చీటీలు తీస్తే మొదట నా పేరు వచ్చింది, రెండోది నాలాగే ఓడిన ఇంకో అమ్మాయిది, పొడుగ్గా ఉంటుందని పొడుగమ్మ అంటాం. ఒకటే షరతు. రోజూ మొదటి ఆటకు అరగంట ముందే మనమే వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టనివాళ్ళు ఊళ్ళో ఉన్నా లేనట్టే.

నాకు ఆ సందు తప్ప వేరే దారి లేదు. మాకు ర్యాంకు అంటే ఏడాదికి మించి నిలవ ఉండని సరుకు. ఈ వారం గెలిచి తెచ్చుకున్న పాయింట్లు వచ్చే ఏడాది ఇదే వారానికి రాలిపోతాయి. రాలినచోట కొత్తవి రాకపోతే కిందికి జారుతాం. కడుపుతో ఉండి, కని, పాలిచ్చి తిరిగొచ్చేసరికి నావన్నీ రాలిపోయాయి. తల్లులు అడిగితే పాత ర్యాంకును పక్కన పెట్టి ఉంచుతారు. దాంతో కొన్ని టోర్నమెంట్లలోకి రానిస్తారు, అవీ లెక్కపెట్టి. ఇది నా లెక్కలో ఆఖరిది. అసలు ర్యాంకుతో అయితే వచ్చే వారం అన్నిటికంటే చిన్న టోర్నమెంటు వెయిటింగ్ లిస్టులో నేను నలభై మూడో మనిషిని. మెయిన్ డ్రాలో ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, ఆ లిస్టులోంచి బయటపడతాను. జ్వరం మొదలైన దగ్గర్నుంచీ పిల్ల పక్కన కూర్చుని, ఎవరికో నడుం పట్టెయ్యాలని, ఎవరి చీలమండో మెలిపడాలని కోరుకున్నాను. నా పిల్లకు మాత్రం ఏమీ కాకూడదని కూడా అదే నోటితో మొక్కుకున్నాను.

పాపకు మందు వేసి, చంకనేసుకుని, భుజానికి రాకెట్ల సంచి తగిలించుకుని బయల్దేరాను. అత్తయ్య గొడుగు పట్టింది. వాన అప్పుడే వెలుస్తోంది.

ఆ వారం మగవాళ్ళ టోర్నమెంటు, ఆడవాళ్ళ టోర్నమెంటు ఒకే స్టేడియంలో నడుస్తున్నాయి. చూసేవాళ్ళకు ఒకటే తిరనాళ్ళు. లోపల మాత్రం ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్ళ వ్యవహారం. వాళ్ళ సంఘం వేరు, మా సంఘం వేరు. వాళ్ళ ర్యాంకులు, రూల్సు, క్యాలెండరు, అధికారులు అన్నీ వేరు. మా ఆయన కూడా ఆటగాడే. రెండు క్యాలెండర్లు కలిసి ఏడాదికి నాలుగు వారాలు మాత్రమే మేమిద్దరం ఒకే ఊళ్ళో ఉంటాం. ఆ వారం ఆయన ఎక్కడో రెండు దేశాల అవతల ఆడుతున్నాడు. ఇక్కడ రెండు సంఘాలూ పంచుకున్నది ఒక్క పొడుగాటి గది. తలుపు తీయగానే ఎడమవైపు బల్ల మాది, కుడివైపు బల్ల వాళ్ళది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను, ఆట కోసమే. ఇంగ్లీషు కాగితం ఇస్తే అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ వెనక ఎవరైనా నిలబడితే అవి చెదిరిపోతాయి. అందుకే చదవడం కంటే చోటు గుర్తుపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఏ ఊళ్ళోనైనా మొదటి రోజు ఎవరినో అడిగి మా బల్ల ఏదో, మా కాగితం ఏదో తెలుసుకుంటాను. ఆ తర్వాత కాళ్ళే తీసుకెళ్తాయి.

తొమ్మిదీ ఇరవైకి గదిలోకి వెళ్ళాను. పాప ఏడుస్తోంది, నా మెడ దాని ఒంటి వేడికి కాలుతోంది. ఎడమవైపు బల్ల మీద కాగితం ఉంది, పెన్ను ఉంది, మనిషి లేడు. పేరు రాసి సంతకం పెట్టాను. టైము కూడా వేశాను. ఇవతలికి వచ్చాక ప్రాణం కుదుటపడింది.

పదకొండు గంటలకు మా టోర్నమెంటు చూసే సూపర్‌వైజరమ్మ వరండాలోకి వచ్చింది. ఒకమ్మాయికి వార్మప్‌లో నడుం పట్టేసిందట, తప్పుకుందట. పాపను అత్తయ్యకిచ్చి లేచాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి పొడుగమ్మ ముందు నిలబడింది.

"నలభై నిమిషాల్లో మూడో కోర్టు. రెడీ అవ్వు."

పొడుగమ్మ నా వైపు చూసింది. "నేనా? ముందు అక్క కదా మేడమ్?"

"ఆవిడ సంతకం పెట్టలేదమ్మా."

"పెట్టాను మేడమ్! తొమ్మిదీ ఇరవైకి పెట్టాను. రండి, చూపిస్తాను," అన్నాను.

గదిలోకి పరిగెత్తినట్టే వెళ్ళాం. నేను ఎడమవైపు బల్ల దగ్గర ఆగాను. సూపర్‌వైజరమ్మ కుడివైపుకు వెళ్ళింది. ఎడమ బల్ల వెనక తెల్లమీసాల పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మగవాళ్ళ అధికారి.

"తెల్లారేసరికి ఆ మూల కప్పు కారి మన బల్ల తడిసింది," అంది సూపర్‌వైజరమ్మ. "మన సామానంతా ఇటు జరిపాం. కారడం ఆగాక ఆ బల్ల తుడిపించి వాళ్ళని అటు పంపాం. తలుపు మీద నోటీసు పెట్టాం కదా?"

తలుపు మీద కాగితం ఉన్న మాట నిజమే. నేను దాన్ని చూశాను. చదవలేదు.

పెద్దాయన కాగితం తీసి నా ముందు పెట్టాడు. నేను చదవకుండా వదిలేసిన నలుగురు మగవాళ్ళ పేర్ల కింద నా పేరు, పక్కన టైము. "నువ్వేనా అమ్మాయ్? ఎవరో ఆకతాయి పని అనుకున్నా," అన్నాడు. అక్కడే ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు. ఒకడు, "మాతో ఆడతావా వదినా?" అని, నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"టైము ఉంది కదా మేడమ్. నేను వచ్చినట్టే కదా."

"వచ్చారు. నాకూ తెలుసు. కానీ ఇది నా కాగితం కాదు." ఆవిడ గొంతు తగ్గింది. "ఆయన కాగితం మీద పేరు నేను ఒప్పుకుంటే, రేపు ఇంకొకరు హోటల్ బిల్లు మీద పెడతారు. నేనేం చెయ్యను చెప్పండి?"

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. "నేను సాక్ష్యం చెప్తాను కావాలంటే," అన్నాడు.

"మీ సాక్ష్యం మీ వాళ్ళ దగ్గర చెల్లుతుంది సార్."

ఆయన పెన్ను నా వైపు జరిపి, "మా దాంట్లోంచి కొట్టేసి, పక్కన సంతకం పెట్టు తల్లీ. లేకపోతే మాకు లెక్క తేలదు," అన్నాడు. నా పేరు నేనే కొట్టేసుకుని, పక్కన సంతకం పెట్టాను.

వరండాలో అత్తయ్య పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. చెప్పాను. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. "దీనికి చెమట పట్టింది. జ్వరం దిగుతోంది," అంది అంతే. ఆ మాటకే ఏడుపొచ్చింది నాకు.

పొడుగమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. బూట్ల లేసులు ఒకటి కట్టుకుంది, ఒకటి కట్టుకోలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల. కోచ్ లేడు, తోడు ఎవరూ లేరు. నేను క్వాలిఫైయింగ్ ఆడుతున్నప్పుడు పాపను ఎత్తుకుని తిప్పింది ఇదే.

"తిట్టక్కా. తిడితే నాకు తేలిగ్గా ఉంటుంది."

"నిన్నెందుకు తిడతానే?"

"మరి..." అని నేల చూసింది. "వార్మప్‌కి ఎవరూ దొరకట్లేదు. అడిగితే నా నోరు పడిపోతుందేమో. పది నిమిషాలు కొడతావా?"

అత్తయ్య నడక ఆపింది. "దీన్ని చూడు! కడుపు మీద తన్ని, కాళ్ళు పట్టమంటోంది," అంది. తర్వాత నా సంచి వైపు గడ్డంతో చూపించి, "ఎలాగూ మోసుకొచ్చావు కదా, వెళ్ళు," అంది.

ఆరో కోర్టు ఖాళీగా ఉంది. గీతల మీద ఇంకా తడి ఆరలేదు. పొడుగమ్మ మొదటి నాలుగు బంతులూ వలకు కొట్టింది. "మోకాళ్ళు వంచు. నన్ను చూడకు, బంతిని చూడు," అన్నాను. అప్పుడు కుదురుకుంది. ముందు రోజు మ్యాచ్‌లో నేను గీత దాటించినవన్నీ మూలకు కొట్టే ఫోర్‌హ్యాండ్లే. ఇప్పుడు నేను అవే కొడితే, కొట్టినవి కొట్టినట్టు లోపలే పడ్డాయి. ఒక్కటీ బయటకు పోలేదు.

మూడో కోర్టు మైకులో దాని పేరు పిలిచారు. అది వల మీదుగా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలేసి పరిగెత్తింది. నేను కోర్టులో పడి ఉన్న బంతులు ఏరడం మొదలుపెట్టాను.