ఓబళప్ప మేష్ట్రు అడుగులు

కోడికూత వేళకు లేచి మునివెంకటమ్మ రెండు బిందెల నీళ్ళతో సత్రం వెనకాల బయలుకు పోయేది. నీళ్ళు చల్లి, రాతి రోలరు లాగి, తడినేల మీద సున్నంతో టెన్నిస్ కోర్టు గీతలు గీసేది. ఇంటి ముందర ముగ్గు మానేసి ఏడాదైంది గానీ ఈ గీతలు మానలేదు. గీతలు ముగిసేసరికి తూర్పు తెల్లబారేది. అప్పుడు ఆమె మొగుడి అడుగులు పడేవి.

ఓబళప్పది కంటోన్మెంటు క్లబ్బులో దొరలకు టెన్నిస్ ఆడించే కొలువు. వాళ్ళు పారేసిన బంతులు, తీగలు తెగిన బ్యాట్లు తెచ్చి, తనే బాగుచేసి, నగర్తపేట మగ్గాల సందుల పిల్లలకు పొద్దున్నే ఆట నేర్పేవాడు. ఒక్కర్నీ కసిరింది లేదు. "బంతిని కొట్టొద్దురా, సాగనంపండి" అనేవాడు. యుద్ధం ముగిసిన ఏడు, ముసురుపట్టిన దినాల్లో, ఒళ్ళు కాలిపోతా ఉంటే కూడా బయల్దేరినాడు. "ఈ ఒక్క పొద్దూ పోవద్దప్పా" అని మునివెంకటమ్మ చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని పోయి, రోలరు పక్కనే కూలిపోయినాడు.

కర్మ ముగిసిన మర్నాటినుంచే అడుగులు రావడం మొదలైంది. వట్టికాళ్ళ అచ్చులు గీత దగ్గర మొదలై, ముందుకు దూకి, వలదాకా పోయేవి. పిల్లలు వాటిలో కాళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళు. అందరికంటే బాగా కుదిరింది నేతగాడు నారాయణప్ప కూతురు సుశీలకు. పద్నాలుగేళ్ళ పిల్ల. "మేష్ట్రు ఈ పొద్దు ఎడంపక్క దెబ్బ చెప్తా ఉండాడు" అని మిగతావాళ్ళను పిలిచేది.

సంవత్సరీకం నాడు సందంతా కోర్టులో చేరింది. "నా కొడుకు సారాయంగడి మెట్లెక్కేది మానింది ఆ పుణ్యాత్ముడి వల్లనే" అని పాల సొన్నప్ప కండ్లు తుడుచుకున్నాడు. తలా ఒక మాట చెప్పుకున్నారు. మునివెంకటమ్మ మాత్రం నేలనే చూస్తా కూర్చుంది. ఆ పొద్దు అడుగులు దూకలేదు. ఎడమకాలు ఈడ్చుకుంటా పోయిన గీరలు. జ్వరంతో గడప దాటిన దినం ఆయన నడిచింది అట్లాగే.

మర్నాడు ఆమె బిందెలు ఎత్తలేదు. ఎండెక్కినాక సుశీల పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, గీతలు వెయ్యలేదే? మేష్ట్రు ఎట్ల వస్తాడు?"

"రాడు."

"వచ్చే నెల మైసూరులో పోటీ ఉండాది. ఆయన లేకుంటే నేనెట్ల ఆడేది?"

"ఆయప్ప అలిసిపోయినాడు తల్లీ. ఒకసారి చచ్చినాడు, చాలు. దినామూ చచ్చేదానికి నేను నీళ్ళు చల్లలేను."

సుశీల ఏడ్చుకుంటా వెళ్ళిపోయింది. మైసూరుకు పోలేదు. ఆ ఏడాదే ఆట మాని, నేతపనికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టింది. ఆ సంగతి మునివెంకటమ్మకు కడదాకా ముల్లులా గుచ్చుతూనే ఉండింది.

కోర్టులో గడ్డి మొలిచింది. చింతామణి నుంచి తమ్ముడు చెన్నరాయప్ప వచ్చినాడు. "ఒంటిగా ఎందుకక్కా? మా ఇంట్లో ఒక మూల ఉందువు. మా ఆడమనిషికీ చేతిసాయం." ఆ మూల ఎట్లాంటిదో ఆమెకు తెలుసు. అయినా సరేనంది. గిన్నెలు మూటగట్టింది.

పోయే దినం పొద్దున, ఇల్లు పాడుబెట్టి పోకూడదని పేడనీళ్ళతో నేల అలికింది. బయట చేతులు కడుక్కుని తిరిగి చూస్తే, గడపలోంచి లోపలికి అడుగులు. ఈడ్చినవి కావు, నిదానంగా నడిచినవి. నడవ దాటి, పొయ్యి ముందర ఆమె కూర్చునే చోటు పక్కన ఆగినాయి. బయటికి పోయిన అడుగు ఒక్కటీ లేదు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండింది లేదు.

గోడకానుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది. జట్కా పిలిచేదానికి పోయిన తమ్ముడు వాకిట్లోకి వచ్చి, "బస్సుకు టైమైతా ఉండాది అక్కా" అన్నాడు.

"నువ్వు పో నాయనా. నేను రాను. ఇంట్లో మనిషి ఉండాడు."

చెన్నరాయప్ప తడినేల చూసినాడు. చెప్పులు బయట విడిచి, అడుగులు తొక్కకుండా గోడవారగా నడిచి, మూట విప్పి గిన్నెలు పొయ్యి దగ్గర సర్దిపెట్టి, బస్సుకు పోయినాడు.