దీనమ్మ తెచ్చిన పులస

మా అత్తయ్యగారు సువార్తమ్మగారి గొంతులో ముల్లు దిగిందని రాజోలులో మా సంఘానికి వచ్చేవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆ ముల్లు మా అమ్మ చేతి పులుసులోదని తెలియనివాళ్ళు అసలే లేరు. ఇంతమందికి ఎలా తెలిసిందంటారా? అత్తయ్యగారు ప్రతి గురువారం స్త్రీల సమాజంలో లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పేవారు. "మా వియ్యపురాలు తెచ్చిన పులస ముల్లు గొంతులో ఉండిపోయిందమ్మా, నా కోసం ప్రార్థన చెయ్యండి" అని. ఇరుగమ్మ దగ్గర చెబితే చాడీ అవుతుంది. ప్రార్థన మనవిగా చెబితే భక్తి అవుతుంది.

నాలుగేళ్ళ కిందటి సంగతి ఇది. గోదావరికి అప్పుడే ఎర్రనీళ్ళు తగిలాయి. మా అమ్మ దీనమ్మది ఐ.పోలవరం. తొలి పులస దొరికితే ఆ పులుసు వియ్యాలవారింటికి వెళ్ళాల్సిందేనని ఆవిడ పట్టుదల. ముందురోజు సన్న సెగ మీద గంటల తరబడి ఉంచి, రాత్రంతా మాగనిచ్చి, పొద్దున్నే ఆ మట్టిదాకని ఒళ్ళో పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. పులస నిండా ముళ్ళే. కానీ అమ్మ పులుసులో ముల్లు కూడా మెత్తబడి నోట్లో నలిగిపోయేది. అదీ ఆవిడ పేరు. వాళ్ళ సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమవిందు జరిగితే చేపల పులుసు పొయ్యి దగ్గర అమ్మే ఉండాలి, ఇంకొకరు గరిటె ముట్టుకోకూడదు.

మూడో ముద్దకి అత్తయ్యగారు గొంతు పట్టుకున్నారు. ఉత్త అన్నం ముద్దలు మింగించాం. చక్కెరకేళి పళ్ళు తినిపించాం. నిమ్మరసం పట్టించాం. ఏం చేసినా కుడివైపు, దవడ కింద, గుచ్చుతూనే ఉందన్నారు. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. సాయంత్రం నేనే బస్టాండు దాకా వెళ్ళి ఆవిడని బస్సెక్కించాను. ఖాళీ దాకని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఇక మొదలయ్యాయి వైద్యాలు. అమలాపురంలో గొంతు డాక్టరు గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నాడు. ఇంకో ఆయన గ్యాసన్నాడు. పళ్ళ డాక్టరు మంచి దంతాలు రెండు పీకేశాడు. నొప్పి చెవిలోకి పాకింది. పాదిరిగారికి తెలియకుండా, ముల్లు దింపే మంత్రగాడి దగ్గరికి కూడా వెళ్ళొచ్చారు. అది మాత్రం ప్రార్థన మనవిలోకి ఎక్కలేదు. చివరికి ఒక డాక్టరు ఇది మనసులో జబ్బని నిద్రమాత్రలు రాశాడు. ఆ చీటీ చూసి నాకు కడుపు నిండింది. బతికున్న పులసే గోదావరిలో నాలుగు నెలలుండదు, ఈ ముల్లు నాలుగేళ్ళు ఎలా ఉంటుంది? అంతా నటనేనని తేల్చేసుకున్నాను. అన్నం దగ్గర ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేను పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా ఆయన రవికుమార్ మాత్రం "పోనీలేద్దూ" అనేవారు, ఎవరిని పోనివ్వాలో చెప్పకుండా.

ఈ లోపల రాజోలు ప్రార్థన మనవి ఐ.పోలవరం చేరింది. చుట్టాలున్న చోటికి మాట నడిచి వెళ్ళక్కర్లేదు. ఆ ఏడు క్రిస్మస్ ప్రేమవిందుకి అమ్మని పొయ్యి దగ్గరికి పిలవలేదు. ఆవిడ విస్తరి ముందు కూర్చుని, ఎవరో వండిన పులుసు తిని, బాగుందని చెప్పి వచ్చింది. తర్వాత ఇంట్లో చేప వండడమే మానేసింది. నేను వెళ్తే కోడిగుడ్డు కూర పెట్టేది. రెండేళ్ళకి గుండెపోటుతో పోయింది. సమాధి దగ్గర మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే ఒకావిడ అత్తయ్యగారిని అడిగింది, "ముల్లు ఇంకా ఉందా అండీ?" అని. అత్తయ్యగారు గొంతు మీద చెయ్యి వేసి, "ఆయ్, ఉందమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు అసహ్యం. దాచుకోవడం దేనికి?

ఈ మధ్య ఒక ఆదివారం గుడిలో, పక్కనున్నవాళ్ళు పిలిచారని అత్తయ్యగారు కుడివైపుకి మెడ తిప్పి, అలాగే కూలిపోయారు. వారంలో అలా మూడుసార్లయింది. మెడ తిప్పితే చాలు, కళ్ళు తిరగడమే. కాకినాడలో తల, మెడ జబ్బులకి వైద్యం చేసే దుర్గాశ్రీగారనే డాక్టరు ఉన్నారంటే నేనూ మా ఆయనా తీసుకెళ్ళాం.

డాక్టరుగారు పాత కాయితాలన్నీ పక్కన పెట్టారు. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండమ్మా" అన్నారు. తర్వాత చేతికి తొడుగు వేసుకుని, నోరు తెరవమని, వేలు లోపలికి పోనిచ్చి కుడివైపు గొంతు గోడని మెల్లగా నొక్కారు. అత్తయ్యగారు కుర్చీలో ఎగిరిపడ్డారు.

"ఇదేనా?"

"ఇదే! ఇదేనండీ! చెవిలోకి కొట్టేసింది!" అని అత్తయ్యగారు బావురుమన్నారు. నాలుగేళ్ళలో ఆ నొప్పి ఇంకొకరి వేలికి తగలడం అదే మొదటిసారి. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అది నటన కాదు. నాకు తల తీసేసినట్టయింది.

స్కాన్ తీసిన తర్వాత దుర్గాశ్రీగారు మా ముగ్గురినీ కూర్చోబెట్టి బొమ్మ చూపించారు. చెవి వెనకనుంచి గొంతు వైపుకి సన్నటి ఎముకొకటి ఉంటుందట అందరికీ. మామూలుగా అంగుళం. అత్తయ్యగారిది రెండంగుళాలు దాటి, కుడివైపు మేకులా కిందికి దిగింది.

"చాలా అరుదండీ ఇది. ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. అందరూ ముల్లనే అనుకుంటారు. మింగినప్పుడల్లా గుచ్చుతుంది. మెడ తిప్పితే పక్కనున్న రక్తనాళాన్ని నొక్కుతోంది, అందుకే పడిపోతున్నారు. ఆలస్యం చేస్తే పక్షవాతం రావచ్చు. ఆపరేషన్ చేసి ఎముక తీసెయ్యాలి. అక్కడ నరాలు చాలా ఉంటాయి, మూతి కొన్నాళ్ళు వంకర పోవచ్చు. అదీ ముందే చెప్తున్నాను."

అత్తయ్యగారు బొమ్మవైపే చూస్తున్నారు. "అయితే చేప ముల్లు కాదా అండీ?"

"కాదమ్మా. మీ ఎముకే. ఏళ్ళ తరబడి పెరిగింది."

"మరి ఆ రోజు పులస తింటూంటేనే కదండీ..."

"ఆ రోజుకి తగిలేటంత పొడుగైంది. పప్పన్నం తిన్నా తగిలేదే."

పప్పన్నం తిన్నా తగిలేదే! ఆ మాట నా చెవిలో రోజంతా మోగింది. అమ్మ ఆ రోజు పులస బదులు గోంగూర తెచ్చి ఉంటే ఆ గోంగూరని తిట్టేవారా? తిరుగు ప్రయాణంలో యానాం వంతెన మీదికి వచ్చాక అత్తయ్యగారు గోదావరి వైపు చూడబోయి, మెడ తిప్పకూడదని గుర్తొచ్చి, ఆగిపోయారు.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. తీసిన ఎముకని పరీక్షకి పంపేముందు డాక్టరుగారు గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. నేను ఫోనులో ఫొటో తీశాను. ఆ ఫొటో అత్తయ్యగారికి చూపించాలని కాదు. అమ్మకి చూపించాలని తీశాను, తీశాక గుర్తొచ్చింది.

పది రోజులకి ఇంటికి వచ్చేశాం. నొప్పి లేదు. మూతి ఎడమవైపుకి లాగేసింది, ఆర్నెల్లలో సర్దుకుంటుందట. ఆ ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పాలి. స్వస్థత పొందినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పడం మాకు వాడుక. శనివారం సాయంత్రం ఆవిడ తలకి నూనె రాస్తూ అడిగేశాను.

"రేపు సాక్ష్యంలో ఏం చెప్తారు అత్తయ్యగారూ?"

"దేవుడు చేసింది చెప్తాను."

"మా అమ్మకి మీరు చేసింది?"

నేను జడ ముడేసి లేచిపోయాను. ఆ మాట రేపు ఆవిడ చెప్పకపోతే నేనే లేచి చెప్తాను, ఫోను తీసి బల్ల బల్లకీ ఆ ఫొటో చూపిస్తాను అనుకున్నాను. మా అమ్మ పేరు పోయింది ఆ గుడిలోనే. అక్కడే తిరిగి రావాలి.

ఆదివారం అత్తయ్యగారు మెడకి కట్టుతోనే లేచారు. వంకర మూతితో మాటలు సగం సగం వస్తున్నాయి. డాక్టరుగారికి, దేవుడికి వందనాలు చెప్పారు.

"ఇక్కడే నిలబడి నాలుగేళ్ళు దీనమ్మ వదినగారి మీద నింద వేసేను. అది ముల్లు కాదు. నా ఎముకే. ఆవిడ పులుసులో ఏ దోషమూ లేదు. నా నోటితో ఆవిడ పేరు పాడుచేసేను, ఆవిడ ఆ బాధతోనే పోయేరు. క్షమాపణ అడగడానికి ఆవిడ లేరు. ఇందిర ఉంది." నా వైపు తిరిగారు, పడిపోవడం మొదలయ్యాక మొదటిసారి మెడ పూర్తిగా తిప్పి. "ఇందిరా, నన్ను క్షమించమ్మా."

అందరూ నా వైపు చూశారు. పాదిరిగారు లెమ్మని చెయ్యి చూపించారు. లేచాను. నేను అడిగిందంతా ఆవిడ ఇచ్చేశారు. క్షమించానని ఒక్క మాట అంటే సరిపోతుంది, పాట ఎత్తుకుంటారు. ఆ మాట రాలేదు. రాజోలు బస్టాండు గుర్తొచ్చింది. నాలుగేళ్ళుగా నేను అత్తయ్యగారి మీద అంత కోపం ఎందుకు మోశానో అప్పుడు తెలిసింది. ఆ కోపం దించితే దాని కింద ఏముందో చూడాల్సి వస్తుందని.

"ముందు నింద వేసింది ఆవిడ కాదండీ," అన్నాను. "నేను. ఆ సాయంత్రం మా అమ్మని బస్సెక్కిస్తూ అన్నాను, పులుసు తొందరపడి దించేసేవేమో అమ్మా అని. అమ్మ కాదనలేదు."

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. మిగతాది కూడా చెప్పేశాను.

"'అంతేనేమోనమ్మా, వచ్చేసారి ఇంకో గంట ఉంచుతాలే' అంది."