ఊరికే తిరగడానికి ఒక పందెం బండి

సైకిలు ఫోర్కు గొట్టంలో ఉండాల్సిన బిరడా పీకేసుకున్నది మీరు. గొట్టం మీద అంటించిన హెచ్చరిక బొమ్మ కనపడకుండా రంగు కొట్టింది మీరు. ముప్పై నాలుగు ఫ్రేములు షెడ్డు ముందు తాడుకి వేలాడదీసి, "బాగున్నాయి, పట్టుకుపోండి" అని జనం నెత్తిన పెట్టింది మీరు. రేసింగ్ జట్టు పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను. అటూ ఇటూ చూడకండి.

సుత్తి పట్టింది మాత్రం నేను. అది దాచను. నా తప్పు నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మీ తప్పు మీ మొహం మీద చెప్పే హక్కు నాకుంది.

సైకిలు పని నాకెవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి, మా నాన్న పాత సైకిలు విప్పి, మళ్లీ బిగించలేక ఏడ్చి, చివరికి బిగించి నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇంటి వెనక గదిలో ఇదే పని. అన్నీ ఇనప బండ్లే. వంగితే సాగదీస్తాను, విరిగితే అతికిస్తాను. ఎంత బిగించాలో నా మణికట్టుకి తెలుసు, కొలిచే పరికరాలు చేతకానివాళ్లకి అని నవ్వేవాణ్ణి.

మా అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రోజుకి తొమ్మిది గంటలు నిలువు కాళ్ల మీద. అరికాళ్లు మండిపోతాయి. ఒకరోజు నా గది గుమ్మంలో కూలబడి అడిగింది.

"ఒరేయ్ పానా, నాకో సైకిలు కట్టిపెట్టరా."

నన్ను అలాగే పిలుస్తుంది, చిన్నప్పట్నుంచీ చేతిలో పానా వదలనని.

"ఎక్కడికి వెళ్తావే?"

"ఎక్కడికీ కాదు. సెలవు రోజున ఊరికే తిరగడానికి. ఓ గంట ఈ కాళ్లు నేలకి ఆనకుండా ఉంటే చాలు నాకు."

మా బావ సిటీ బస్సు డ్రైవరు. నెల తిరక్కుండానే ఒక ఫ్రేము భుజాన వేసుకుని దిగబడ్డాడు.

"ఇదేంటి బావా, చేప ముల్లా?"

"నోరు ముయ్యవోయ్. రేసు జట్టు షెడ్డులో పాతవి ఇచ్చేస్తున్నారు. ఒంటి వేలితో ఎత్తి చూడు. మీ అక్క చెప్పుకన్నా తేలిక."

"నా చెప్పు బరువు మీకెలా తెలుసో చెప్పమంటారా?" అని అక్క వంటింట్లోంచి కేకేసింది.

బావ మెడ తడుముకున్నాడు. ముగ్గురం పగలబడి నవ్వాం.

అది గడియారం పందెం బండి. ఆ పందెంలో గుంపు ఉండదు. ఒక్కొక్కణ్ణీ విడిగా వదులుతారు, వాడు గడియారంతో పోటీ పడాలి. అందుకని గాలిని కోసేలా గొట్టాలన్నీ కత్తి అంచులా పలచగా ఉంటాయి. తొక్కేవాడు మోచేతుల మీద బోర్లా పడుకున్నట్టు వంగాలి. అలాంటి దాని మీద మా అక్కని నిటారుగా కూర్చోబెట్టి, చల్లగాలికి తిప్పాలి. దున్నపోతుని నాట్యానికి ఒప్పించినంత పని. కానీ నాకు అలాంటి పనంటేనే పిచ్చి.

మూడు ఆదివారాలు కూర్చున్నాను. కొమ్ముల్లాంటి హ్యాండిలు తీసేసి, ఇంటి సైకిళ్లకుండే అడ్డ హ్యాండిలు పెట్టాను. దాన్ని పైకి లేపడానికి ఫోర్కు గొట్టం మీద రింగులు ఒకదాని మీద ఒకటి పేర్చాను. వెడల్పు టైర్లు పట్టలేదు, ఉన్నంతలో లావువి దూర్చాను. వెనక బ్రేకు పెడళ్ల కింద దాక్కుని ఉంది. దాని తీగ ఫ్రేము లోపల మూడు మెలికలు తిరిగి పోవాలి. ఎంత లాగినా చక్రం మీద చెయ్యి వేసినట్టుంటుందే తప్ప పట్టుకోదు. ముందు బ్రేకు మాత్రం కొత్త రబ్బరు కట్టలు వేసి కత్తిలా పెట్టాను. అక్కకి చెప్పాను కూడా: "వెనకది దండగ. ఏదొచ్చినా ముందు బ్రేకే నమ్ముకో."

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే.

ఇక ఫోర్కు. ఫోర్కు గొట్టం ఫ్రేము మెడలోంచి పైకి వస్తుంది, దాన్నే హ్యాండిలు పట్టుకుని ఉంటుంది. గొట్టం లోపల ఏదో ఒకటి గట్టిగా కూర్చుంటేనే పైనుంచి బోల్టు బిగుస్తుంది. అక్కడుండాల్సిన బిరడా మీరు పీకేసుకున్నారు, నేను తొంగి చూస్తే ఖాళీ. ఇనప ఫోర్కులో ఏం చేస్తాం? నక్షత్రంలా పళ్లున్న ఉక్కు బిళ్లని సుత్తితో లోపలికి దిగ్గొడతాం. పళ్లు గోడల్ని కరుచుకుంటాయి. కానీ ఇది ఇనుము కాదు. కార్బన్. నల్లటి నారని జిగురుతో పొరలు పొరలుగా అతికించిన గొట్టం. నాకు అనుమానం రాకపోలేదు. బావ చేత షెడ్డుకి ఫోన్ చేయించాను.

"సైకిలు సైకిలేనయ్యా, అన్నిటికీ ఒకటే పద్ధతి. దిగ్గొట్టుకో," అన్నాడు మీ స్టోరు కీపరు.

దిగ్గొట్టాను. ఇనుమైతే ఖంగుమంటుంది. ఇది ఎండు కట్టెని కొట్టినట్టు టప్పుమంది. నాలుగు దెబ్బలు. కొత్త సరుకు మోత ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

సెలవుకి ముందు రోజు సాయంత్రం అక్క సందులో రెండు చుట్లు తిరిగి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాగుందిరా! మెడ దగ్గర కాస్త కిర్రుమంటోంది."

"బిగుతు చాల్లేదు," అని హ్యాండిలు బోల్టులు ఇంకో పావు తిప్పు తిప్పాను. మళ్లీ ఎక్కించాను. మళ్లీ కిర్రు. ఇంకో పావు తిప్పాను. చప్పుడు ఆగింది. చూశావా నా మణికట్టు అని ఎగిరాను.

మర్నాడు అక్కకి సెలవు. బావ తెల్లారే డ్యూటీకి వెళ్లిపోయాడు. ఏడింటికి అక్క బండి బయటికి తీసింది. కొంగు బొడ్లో దోపుకుని, నది వంతెన దాటి పార్కు వైపు వెళ్లి వస్తానంది. నేను సరేనని చీపురు అందుకున్నాను.

స్టాండు కింద నల్లటి పొడి ఉంది. ఇనప రజను మెరుస్తుంది. ఇది మెరవడం లేదు. వేలితో తీస్తే గుచ్చుకుంది. పొడిలో ఒక పుల్ల, దువ్వెన పన్ను విరిగినట్టుగా, నల్లగా, చివర నార విచ్చుకుని. దాని పక్కన ఒక రంగు పెచ్చు. రింగులు దూర్చేటప్పుడు గొట్టం మీది రంగు లేచిపోయి ఉంటుంది. పెచ్చు తిరగేశాను. వెనకాల పసుపు కాగితం అతుక్కుని ఉంది. దాని మీద సుత్తి బొమ్మ. సుత్తి మీద ఎర్ర గీత.

చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. దాన్ని రంగు కింద పూడ్చిపెట్టారు మీరు.

ఉక్కు పళ్లు లోపలి గోడని చీల్చాయి. బయటినుంచి నేను పావు పావు తిప్పి ఆ చీలికని నలిపాను. చప్పుడు ఆగింది బాగుపడి కాదు, నలిగి ముద్దయి. ఇప్పుడు ఆ హ్యాండిలు మా అక్క చేతుల కింద ఎన్ని పొరల మీద నిలబడి ఉందో దేవుడికే ఎరుక.

అక్కకి ఫోన్ చేశాను. లోపల బల్ల మీద మోగింది.

రిపేరుకి వచ్చిన బండి ఒకటి గోడకి ఆనించి ఉంటే దాన్నే లాక్కుని రోడ్డెక్కాను. చెప్పుల్లేవు. సీటు నాకు బాగా కిందికుంది, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. సందు మలుపులో ఎవరో తిట్టారు. ప్రతి గుంటా చూసుకుంటూ తొక్కుతున్నాను. ఈ గుంటలోంచే వెళ్లి ఉంటుంది, ఇక్కడ పడలేదు, సరే. ఈ స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగి ఉంటుంది, ఇక్కడా పడలేదు, సరే. రోడ్డు పక్కన నలుగురు మూగి కనపడితే బండి అటు తిప్పాను. పాలవాడు డబ్బాలు దించుతున్నాడు.

వంతెన ఎక్కాక కనపడింది. వంతెన నడిమధ్యన, నిటారుగా, రాణీలా. వంతెన దిగితే పొడుగాటి వాలు. వాలు చివర కూడలి. పొద్దున్నే లారీలు తిరిగే కూడలి.

అక్కా అని అరవబోయాను. నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే మూసుకున్నాను. అరిస్తే ఏం చేస్తుంది? ఆగుతుంది. ఎలా ఆగుతుంది? ముందు బ్రేకు నొక్కి. ముందు బ్రేకు పట్టిందంటే మనిషి బరువంతా ముందుకి తూలి ఆ గొట్టం మీదే పడుతుంది. గొట్టం తెగుతుంది. హ్యాండిలు చేతిలో ఉంటుంది, అక్క మొహం తారు మీద ఉంటుంది.

అరవకూడదు. అరవకుండా అందుకోవాలి. జీవితంలో అంత నోరు మూసుకుని అంత గట్టిగా తొక్కలేదు. వాలు మొదట్లో పక్కకి చేరాను.

"ఏరా, నాతో పందెమా?" అని నవ్వి ఇంకాస్త తొక్కింది.

"లేదే. ఊరికే వచ్చా." ఇంకాస్త దగ్గరికి జరిగాను. "అక్కా, తొక్కకు. వదిలెయ్."

"ఓడిపోతావని భయమా? మొహం ఏంటి, పాలిపోయి ఉంది?"

"అక్కా. ముందు బ్రేకు మీంచి వేళ్లు తియ్యి."

"నువ్వేగా ముందుదే నమ్ముకోమన్నావు!"

"అబద్ధం చెప్పాను. తియ్యవే. నీకు దణ్ణం పెడతా. హ్యాండిలు మీద బరువు వెయ్యకు. వెనక్కి జరిగి కూర్చో."

"దిగుతున్నాంరా, పిచ్చోడా! కింద లారీలు!"

అప్పుడు దాని మొహంలో నవ్వు పోయింది. నన్ను చూసి కాదు. చేతుల కింద మళ్లీ కిర్రుమంది. ఇద్దరికీ వినపడింది.

"పానా, ఇది కదులుతోందిరా."

"తెలుసు. నేనున్నా. వెనక బ్రేకు పట్టుకునే ఉండు. వదలకు."

అది పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. నేను ఒక అడుగు వెనక్కి తగ్గి, ఎడం చేత్తో దాని సీటు వెనక భాగం పట్టుకుని, కుడి చేత్తో నా వెనక బ్రేకు కొద్దికొద్దిగా నొక్కాను. ఒక్కసారిగా లాగితే ఇద్దరం బోల్తా. భుజం ఊడిపోతుందేమో అన్నంత బరువు. అక్క అమ్మని పిలుస్తోంది, నన్ను తిడుతోంది, రెండూ ఒకే ఊపిరిలో. హ్యాండిలు ఎడమకి వాలడం నాకు కనపడుతోంది. చక్రం మాత్రం నేరుగా పోతోంది.

"కాళ్లు నేలకి ఆనించు! ఈడ్చు!"

మండే ఆ అరికాళ్లని తారు మీద ఈడ్చింది. ఒక చెప్పు ఎగిరిపోయింది. కూడలికి పది అడుగుల ఇవతల ఆగాం. ముందునుంచి ఇసుక లారీ పోయింది. దాని గాలికి ఇద్దరి జుట్టూ ఎగిరింది.

అక్క దిగి చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తింది. నేను హ్యాండిలు పట్టుకుని పైకి లేపాను. చెరుకు గడ విరిచినట్టు ఒక చప్పుడు. హ్యాండిలు నా చేతిలోకి వచ్చేసింది, తీగలు వేలాడుతూ. ఫోర్కు గొట్టం చివర నల్లటి నార బ్రష్షులా విచ్చుకుని ఉంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. పాదం నించి రక్తం కారుతుంటే నా చొక్కా చింపి కట్టాను. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది.

"మీ బావ వెళ్లినప్పుడు అక్కడ ఎన్ని వేలాడుతున్నాయట?"

"ముప్పై నాలుగు."

"మిగతావి ఎవరి దగ్గరున్నాయి?"

ఆ ప్రశ్న పట్టుకునే అదే రోజు మీ షెడ్డుకి వచ్చాం. ఒంటి చెప్పుతో అక్క, విరిగిన హ్యాండిలుతో నేను. స్టోరు కీపరు రంగు పెచ్చు చూశాడు, గొట్టం చూశాడు, మా మొహాలు చూడలేదు.

"ఎవరు తీసుకెళ్లారో మాకేం తెలుసమ్మా?"

"గేటు దాటి ఏ సామాను పోయినా పేరూ ఫోన్ నంబరూ రాయించుకుంటారట. మా ఆయన సంతకం చేసి వచ్చాడు. ఆ పుస్తకం తియ్యండి."

"పెద్దలు ఒప్పుకోవాలి. మీటింగు పదిహేనో తారీకున."

"బాబూ," అంది అక్క, "పదిహేను దాకా ఎవరూ బ్రేకు నొక్కొద్దని ఊరంతా చాటింపు వేయిస్తావా?"

అతను సొరుగు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం ఆ సొరుగులోనే ఉంది. నాకు తెలుసు, అతనికి తెలుసు. మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశాడు.

అందుకే ఇది అచ్చు వేయించి ఊళ్లో పంచుతున్నాను. ఆ ఫ్రేము ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కకండి. పిల్లల్ని ఎక్కించకండి. ఇప్పటికే రోడ్డు మీద ఉంటే ముందు బ్రేకు ముట్టుకోకండి, తొక్కడం మానేసి కాళ్లు ఈడ్చి ఆపండి. నాలాంటి మేస్త్రీలారా, నల్ల గొట్టంలోకి సుత్తి దించకండి, దించి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆ ఇంటికి పరుగెత్తండి.

మీరు, జట్టు పెద్దలు, పదిహేనో తారీకు మాట మళ్లీ ఎత్తకండి. ఆ సొరుగు లాగండి. పుస్తకంలో మా బావది కాక ముప్పై మూడు నంబర్లున్నాయి. మీ స్టోరు కీపరుతో కాదు, మీరే ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి. ఎత్తనివాళ్ల ఇంటికి మనిషిని పంపండి. ఈ కాగితం చదవడం అయ్యాక కాదు. ఇప్పుడు.