దవడలు మబ్బెక్కిన రోజు

సర్వర్ గదికి తాళం వేసి, తాళంచెవిని వదిన తన తెల్లకోటు జేబులో వేసుకుంది.

"సాయంత్రందాకా ఇది నా దగ్గరే ఉంటుంది. ఈ పూట పనంతా క్లౌడ్ మీదే. పొద్దుపోయాక నువ్వే చెప్పు మరిదీ, ఏది ఉంచాలో. నువ్వు ఏదంటే అదే."

అతడి తల ఊగింది. మనసు మాత్రం ఊ అనలేదు.

వదిన నడిపే ఆ చిన్న ల్యాబులో కట్టుడు పళ్లు తయారవుతాయి. పళ్ల డాక్టర్లు నోళ్లను స్కాన్ చేసి పంపితే, వదిన ఆ దవడలను తెరమీద తిప్పి తిప్పి చూసి, లేని పన్నుకు రూపం గీస్తుంది. పక్కనున్న మిషన్ ఆ రూపాన్ని తెల్లని బిళ్లలోంచి చెక్కి తీస్తుంది. అన్నయ్య వాటిని బండిమీద క్లినిక్కులకు చేరవేస్తాడు. వచ్చిన ప్రతి దవడనూ దాచిపెట్టే సర్వర్ బాగోగులు మరిదివి. ఆ సర్వర్ ముసలిదైంది, ఈమధ్య మూలుగుతోంది. దాని చోట కొత్తది కొనడమా, లేక దవడలన్నిటినీ క్లౌడ్‌లో, అంటే దూరాన ఏదో కంపెనీ కంప్యూటర్లలో అద్దెకుంచడమా? తేలవలసినది అదొక్కటే అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. సర్వర్ పోతే తనకిక్కడ మిగిలే పనేమిటన్న ప్రశ్న మాత్రం మరిదికొక్కడికే ఉంది.

"ఏదో ఒకటి తేల్చండర్రా," అన్నాడు అన్నయ్య, హెల్మెట్ పెట్టుకుంటూ. "పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం?"

"పళ్లు కట్టి బతికే ఇంట్లో పొద్దున్నే ఆ మాటేమిటండీ!" అని వదిన కసిరింది.

పని మొదలైంది. వదిన మీట నొక్కగానే తెరమీద దవడ విచ్చుకుంది. ఇంకొకటి నొక్కితే ఇంకొకటి. రోజూ ఈపాటికి "మరిదీ, తిరుగుతోంది కానీ తెరుచుకోవడం లేదు" అని ఒక కేక వినిపించేది. అతడు పరుగున వెళ్లి, సర్వర్ ముందు మోకాళ్లమీద కూర్చుని, దాన్ని బతిమాలో బెదిరించో దారికి తెచ్చేవాడు. ఇవాళ కేక లేదు. కిటికీ దాకా నడిచాడు. వెనక్కి వచ్చాడు. నీళ్లు తాగాడు. దాహం లేకుండానే మళ్లీ తాగాడు.

"కాలుగాలిన పిల్లిలా తిరక్కు," అంది వదిన, తెరమీంచి చూపు మరల్చకుండా. "ఎక్కడో ఒకచోట కూర్చో."

"ఎక్కడ కూర్చోను? నా కుర్చీ లోపలుంది."

వదిన నవ్వింది. అతడు నవ్వలేకపోయాడు.

ఆ గది మూతపడి ఇబ్బంది పడింది అతడొక్కడే కాదు. వదినకు సొంత పిన్ని, ల్యాబంతటికీ మైనం పిన్ని, పూర్తి పళ్ల సెట్లకు మైనంతో చిగుళ్లు తీర్చేది ఆవిడే. ల్యాబు మొత్తానికి ఏసీ ఉన్నది సర్వర్ గదిలోనే కనుక, మైనం మెత్తబడకుండా ఆవిడ బల్ల కూడా ఏనాడో అక్కడికే చేరింది. ఇవాళ ఆ బల్ల హాల్లో గోడవారకు వచ్చింది. ఎండ ముదిరేకొద్దీ ఆవిడ సణుగుడు కూడా ముదిరింది.

మధ్యాహ్నం దాటాక, తెరమీద దవడ సగం తిరిగి ఆగిపోయింది. ఇటు రాదు, అటు పోదు. అంతలో డాక్టరమ్మ ఫోను: పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు, పన్ను నమూనా ఇప్పుడే చూపించాలి, ఎంతసేపు?

మరిదికి సంతోషం కలిగింది. ఒళ్లంతా వెచ్చగా, దాచుకోలేనంత సంతోషం. సిగ్గు కూడా దాని వెనకే వచ్చింది, కానీ నెమ్మదిగా వచ్చింది.

"చాలు బాబూ ఈ మబ్బుల కాపురం!" వదిన అద్దాల తలుపు అవతలికి నడిచి ఫోను అందుకుంది. "కొత్త సర్వరే తెమ్మని షాపువాళ్లకు ఇప్పుడే చెప్పేస్తాను. నీ రాజ్యం నీదేలే, చలిగది దొరా!"

అతడి చేతులు అలవాటుకొద్దీ కంప్యూటర్ తీగ వెంట వెళ్లాయి. గోడవార, ట్రేల వెనక, ఇంటర్నెట్టు పెట్టె దీపాలారి పడుంది. దాని ప్లగ్గు నేలదాకా వేలాడుతోంది. దాని చోట దూరిన ప్లగ్గు బల్లఫ్యానుది. ఫ్యాను గాలి మైనపు చిగుళ్లమీదికి నిండుగా వీస్తోంది.

"ఆ ఫ్యాను తీయకు నాయనా!" మిషన్ హోరులో పిన్ని గొంతు అతడికొక్కడికే వినిపించింది. "ముందుపళ్లన్నీ వంకరపోతున్నాయి. ఆ పెట్టెదేముంది, ఊరికే మిణుకుమిణుకుమంటూ కూర్చుంది. దానికేం పనని?"

అద్దం వెనక వదిన నంబరు నొక్కుతోంది. అతడేమీ చేయనక్కరలేదు. అబద్ధం కూడా ఆడనక్కరలేదు. ఆ మాటలు పూర్తయ్యేదాకా తీగ పట్టుకుని నిలబడితే చాలు, ఆ తరువాత ప్లగ్గు మార్చవచ్చు, ఎవరూ అడగరు.

అతడు తలుపు తోశాడు.

"ఫోను పెట్టేయ్ వదినా. తప్పు క్లౌడ్‌ది కాదు. ఫ్యాన్‌ది."

జరిగింది విని వదిన నొసలు కొట్టుకుంది. "పిన్నీ!"

"నాకేం తెలుసే అమ్మాయ్! దాని మీద రాసుందా?"

ప్లగ్గు మారింది. దవడ మిగిలిన సగం తిరిగింది. డాక్టరమ్మ శాంతించింది. వదిన కుర్చీని అతడివైపు తిప్పింది.

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పు."

"క్లౌడే మంచిది," అన్నాడు. ఆ మాట పంటికింద రాయిలా తగిలింది. "కానీ రెండో నెట్టు లైను ఒకటి ఉండాలి. ఇంకా… ఇక్కడొక చిన్న పెట్టె కూడా ఉంచుకుంటే, ఏ రోజు దవడల కాపీ ఆ రోజు…"

"లైను సరే. ఆ చిన్న పెట్టె పనికోసమా, నీకోసమా?"

అతడు జవాబు కోసం లోపల వెతికాడు. పనికోసమే అనడానికి కారణాలు దొరికాయి. తనకోసమే అనడానికి ఒకటే దొరికింది, కానీ బరువైనది.

"నిజంగా తెలీదు వదినా."

"తెలిసిన్నాడు చెప్పు, కొందాం." ఆమె పక్కనున్న స్టూలును కాలితో ఇటు జరిపింది. "ఇక్కడ కూర్చో. ఈ దవడలో పన్ను ఎక్కడ ఎత్తుగా ఉందో చూడు."

చూశాడు. పళ్లు కనిపించాయి. ఎత్తు కనిపించలేదు.

"అన్నీ సమంగానే ఉన్నాయి."

"లేవు. మళ్లీ చూడు. ముందు ఆ కాలూపడం ఆపు, బల్ల కదిలిపోతోంది."

అతడు కాలు ఆపి, మళ్లీ చూశాడు.