అద్దాలక్క కోపం

రాయడం నాకిదే మొదలు. చేతికి చీపురు అలవాటు గానీ కలం కాదు. అయినా మా తోడికోడలి సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆమెను వీధంతా అద్దాలక్క అంటారు. తెల్లారితే చేతిలో బకెట్టు, నడుముకు జారిపడకుండా బెల్టు. ఐదంతస్తుల ఆఫీసు కిటికీలు పైనుంచి కిందికి తుడుచుకుంటూ వస్తుంది. ఇల్లు ఆ కిటికీల మీదే నడుస్తోంది. ఆమెకు కోపమొస్తే ఎదురుగా ఉన్న అద్దానికి ఆవిరి పడుతుంది. కూర మాడిందని మా బావగారు సణిగితే చాలు, ఆయన కళ్ళజోడు తెల్లబడుతుంది. తుడుచుకుని మళ్ళీ తింటాడు.

ఒకరోజు మేనేజరు పిలిచి, "రేపట్నుంచి రావద్దు. సగం కూలికే వచ్చేవాళ్ళు దొరికారు" అన్నాడు.

"ఇన్నేళ్ళు ఈ చేత్తోనే తుడిచాను కదయ్యా!"

"అద్దానికి చేతులు గుర్తుండవమ్మా."

మర్నాడు రోడ్డుకు అవతల నిలబడి చూసింది. ఎవరో కొత్తమ్మాయి బెల్టయినా లేకుండా మూడో అంతస్తు అంచున నిలబడి తుడుస్తోంది.

"నా నోటి దగ్గర కూడు లాక్కుంది, ముదనష్టపుది!" అని పళ్ళు కొరికింది.

భవనం మొత్తానికి ఆవిరి పట్టింది. ఆ అమ్మాయి తుడిచేకొద్దీ పడుతూనే ఉంది.

సాయంత్రం, సంగతి ఎవరినడిగి తెలుసుకుందో, ఆ అమ్మాయే ఇంటికొచ్చింది.

"అక్కా, కోపం కాస్త తగ్గించుకో. రోజంతా తుడిచినా తెల్లగానే ఉందని మేనేజరు పైసా ఇవ్వనన్నాడు."

"మంచి పని చేశాడు. సగం కూలికి ఎగబడ్డావుగా, అనుభవించు!"

"ఎగబడ్డానా? నువ్వూ అంతకే చేశావని చెప్పాడే!"

"అంతకా? నాకు దానికి రెట్టింపు ఇచ్చేవాడే!" అంది అద్దాలక్క. ఆ అమ్మాయి చేతులకేసి చూసింది. ఘాటు మందునీళ్ళకు వేళ్ళు తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి.

"బెల్టేదే?"

"అడిగితే వేరేవాళ్ళను చూసుకుంటానన్నాడు."

కోపం తగ్గలేదు, ఒట్టు. రెట్టింపయింది. కాకపోతే అడ్రసు మారింది.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. భవనం అద్దాలన్నీ తళతళలాడుతున్నాయి. మేనేజరు గాజు గది ఒక్కటే పాలు పోసినట్టుంది. యజమాని వచ్చే వేళైంది. లోపల మేనేజరు జేబురుమాలుతో రుద్దీ రుద్దీ చెమటలు కక్కుతున్నాడు.

అద్దాలక్క అరచెయ్యంత జాగా తుడిచి, అందులోంచి చూసింది.

"ఇద్దరికీ నా పాత కూలి. దీనికి బెల్టు, చేతులకు తొడుగులు. సరేనా?"

"బెదిరిస్తున్నావా?"

ఆ కాస్త జాగా కూడా తెల్లబడింది.

"సరే, సరే!" అని లోపల్నుంచి గొంతు వినబడింది.

అద్దాలక్క తన నడుము బెల్టు విప్పి ఆ అమ్మాయికి బిగించింది.

"నాకు కొత్తది వచ్చేదాకా పై అంతస్తులు నీవి, కిందివి నావి" అంది. "ఈ గది మాత్రం ఆఖర్న తుడుద్దాం."