బీరువాలో నా తల

మా అమ్మాయి నన్ను అదోలా చూడడం మొదలుపెట్టినప్పుడు నాకు ముందుగా వచ్చిన అనుమానం, డాక్టరు నాకు చెప్పకుండా దానికేదో చెప్పి ఉంటాడని. నేను కూర తరుగుతుంటే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేది. చెంపలు, చెవులు, గడ్డం కింద వేలాడే చర్మం, అన్నీ పట్టిపట్టి చూసేది. ఏమిటే అంటే ఏం లేదనేది. ఏం లేకుండానే ఎవరైనా కన్నతల్లిని అలా చూస్తారా? కిందటి నెల చేయించుకున్న రక్తపరీక్ష కాగితాలు వెతికి తీసి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నాకు అర్థమైనంతలో అన్నీ బాగానే ఉన్నాయి. అర్థం కానిదాంట్లోనే ఏదో ఉందనిపించింది.

మా అమ్మాయి మట్టితో బొమ్మలు చేస్తుంది. చదువుకున్నదీ అదే. చదువయ్యాక రెండు మూడు చోట్ల ప్రదర్శనల్లో పెట్టారు, నలుగురూ బాగున్నాయన్నారు. తర్వాత ఏమైందో ఏమో, ఆరు నెలలుగా ఒక్క బొమ్మా గది దాటి బయటికి రాలేదు. వాళ్ళ బాబాయి తన ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం ఇస్తానన్నాడు. కార్డుల మీద అక్షరాలూ పువ్వులూ పేర్చే పని. ఆదివారానికల్లా ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడు. నాకైతే అది ఆ ఉద్యోగంలో చేరితే చాలు, గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చనిపించింది.

అది వెనక గదిలో తలుపు వేసుకుని పనిచేసేది. పగలంతా చడీచప్పుడూ ఉండదు. లైట్లు వేసే వేళకి మాత్రం దబదబమని మట్టిని బాదుతుంది. చేతులు కడుక్కుని వచ్చేస్తుంది. వెళ్ళి చూస్తే ఖాళీ పీట, దాని నడుమ ఒక కర్ర, పక్కన బకెట్ నిండా తడిమట్టి. పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే. పనిచేస్తుంటే మట్టి తరగాలా వద్దా? లోపల గోడ వంక చూస్తూ ఏడుస్తోందేమోనని తలుపుకి చెవి ఆనించాను. ఏడుపు వినబడలేదు. అందుకు ఇంకా భయం వేసింది.

ఒకరోజు ఆ బాదుడు మొదలవకముందే బాబాయి వచ్చి, ప్రెస్సు చూపిస్తానని దాన్ని స్కూటరు మీద తీసుకెళ్ళాడు. నేను గదిలోకి వెళ్ళాను. కర్ర మీద ఏదో ఉంది, తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే నా తల.

రెండు పిడికిళ్ళంత ఉంది. కళ్ళు కుదరలేదు గానీ, సాగిపోయిన ఎడమ చెవి తమ్మె, ముక్కు పక్కన పులిపిరి, అన్నీ నావే. రోజూ నా తల చేసి, రోజూ సాయంత్రం దాన్నే బాది ముద్ద చేసి బకెట్లో పడేస్తోందన్నమాట. నా మీద ఇంత కసి ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదు. చిన్నప్పుడు జుట్టు కత్తిరించుకోనివ్వలేదనా?

నా తలని నేనే కాపాడుకోవాలి కదా. కర్ర మీంచి ఊడదీసి, పాత దుప్పటి ముక్కలో చుట్టి, బీరువాలో రగ్గుల వెనక దాచాను. అమ్మాయి తిరిగొచ్చాక, ఎలాగూ నలిపేదే కదా అని నేనే నలిపి బకెట్లో వేశానన్నాను. అది బకెట్ వంక చూసింది, నా వంక చూసింది. మట్టి తగ్గినట్టుందమ్మా అంది. ఎండకి నీరు లాగేసి ఉంటుందన్నాను. అది నన్ను అనుమానిస్తోందని నాకు అనుమానం పట్టుకుంది.

ఆ తర్వాత రోజూ దొంగచాటుగా బీరువా తీసి చూసుకునేదాన్ని. తల ఎండుతున్నకొద్దీ తెల్లబడింది. నుదుటి నుంచి ముక్కు దాకా బీట వారింది. ఆ రోజంతా నాకు తలనొప్పి.

శనివారం అది నెమ్మదిగా, బాబాయికి సరేనని చెప్పేస్తానంది. నేను కోరుకున్నదే. కానీ చెక్క పనిముట్లన్నీ కడిగి, తుడిచి, తాడుతో కట్టి, పై వాటా వాళ్ళమ్మాయికి పనికొస్తాయేమో అడగమంది. దాని గోళ్ళు చూశాను. మట్టి లేదు. ఆ గోళ్ళు అంత తెల్లగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకే?" అన్నాను.

"రోజూ చేస్తున్నాను, రోజూ అదే వస్తోందమ్మా. నిన్నటి దానికీ ఇవాళ్టి దానికీ తేడా లేదు. ఉన్నచోటే ఉన్నాను."

"నిన్నటిది ఎక్కడుందని తేడా చూశావు? నలిపేశావుగా."

ఇది తెలివిగా అన్న మాట కాదు. ఎవరైనా మాట తప్పుగా చెబితే పట్టుకోవడం నాకలవాటు, అంతే. చేసినదాన్ని ఉంచుకుంటే దాన్నే దిద్దుతూ కూర్చుంటామని, నలిపేస్తేనే మర్నాడు చెయ్యి కొత్తగా మొదలవుతుందని వాళ్ళ మాస్టారు నేర్పారట.

నేను వెళ్ళి బీరువాలోంచి మూట తెచ్చాను గానీ విప్పలేదు.

"ముందు ఒకటి చెప్పు. నా మీద నీకేం కోపం?"

"కోపమా? నీ మొహం ఒక్కటే నాకు దొరకదమ్మా. చూసినప్పుడల్లా ఇంకో భయంతో ఉంటావు."

మూట ఇచ్చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మూట వెనక గదిలోకి తీసుకెళ్ళింది. ఆఖరిసారని పొద్దున చేసిన తల అక్కడ ఇంకా కర్ర మీదే ఉంది. బీట వారినదాన్ని దాని పక్కన పెట్టి, చాలాసేపు రెంటినీ చూసి, నవ్వింది.

"ఇదెంత దరిద్రంగా ఉందో చూడు" అంది, పాతదాన్ని చూపించి.

చేసింది దరిద్రంగా ఉంటే నవ్వుతారా? మతి గాని చలించిందేమోనని దాని నుదుటి మీద చెయ్యి వేశాను. వేడి లేదు.

"కళ్ళు చూడమ్మా. అందులో గుంటల్లా ఉన్నాయి. ఇందులో చూస్తున్నాయి."

చూశాను. కొత్తదాంట్లో ఒక ఆడమనిషి, తలుపు వెనక ఎవరో ఉన్నట్టు చూస్తోంది. నాకేం నచ్చలేదు.

"నేనలా చూస్తానా?"

"ఇప్పుడూ అలాగే చూస్తున్నావు."

ఆదివారం బాబాయికి ఫోను చేసి ఇప్పుడు కుదరదని చెప్పేసింది. ఆయన నాతో మాట్లాడి, పిల్లని నువ్వే చెడగొట్టావు వదినా అన్నాడు. అది నిజమేమోనని నాకూ ఉంది. రేపు ఆ చేయి మళ్ళీ ఆగిపోతే?

సోమవారం అది గదిలోకి వెళ్ళి చాలాసేపైంది. ఏం చేస్తోందో చూద్దామని తలుపు కొంచెం తోశాను. పనిముట్ల కట్ట విప్పి ఉంది. పీట ఇటే తిప్పుకుని కూర్చుంది.

"అక్కడే ఉండమ్మా" అంది. "ఆ సందులోంచి అలాగే చూస్తూ ఉండు."

నిలబడ్డాను. కాళ్ళు లాగుతున్నాయి. ఇంకా ఎంతసేపని అడగాలనిపించింది. అడిగితే మొహం మారిపోతుందేమోనని ఊరుకున్నాను.