లేతు కింది తొట్టి

గవరయ్య చేతులకు పట్టింది పెద్దరోగమేనని పక్కింటి చిన్నమ్మడు కుళాయి దగ్గర అందట. ముట్టుకుంటే అంటుకుంటుందని కూడా చేర్చిందట. ఆ మాట వీధంతా తిరిగి గవరయ్య కోడలి చెవిన పడింది. అప్పటినుంచి అతని కంచం వేరు, గ్లాసు వేరు. పసి మనవరాలిని ఒళ్లో వెయ్యడం మానేశారు.

రోగం ఎక్కడిదో నన్నడిగితే చెప్పేదాన్ని. నేను ఒక ఇనుప తొట్టిని. గాజువాక పక్క ఓ షెడ్డులో గవరయ్య నడిపే లేతు మిషను కింద పడి ఉంటాను. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా చల్లార్చే నూనెనీళ్లు నా కడుపులో ఉంటాయి. పంపు వాటిని పైకి తోడుతుంది, అవి కోస్తున్న ఇనుము మీద పడి మళ్లీ నాలోకే దిగుతాయి. నన్ను అతికించిన వెల్డరు, పాతనీళ్లు వదలడానికి అడుగున బిరడా కూడా పెట్టాడు. ఇంతవరకు దాన్ని విప్పిన మొనగాడు లేడు. తుప్పు పట్టి బిగిసిపోయింది.

యజమాని భూపతి పాతవి పారబొయ్యడు, తగ్గినంత మేర కొత్తవి పోయిస్తాడు. ఉమ్ములు, బీడీ ముక్కలు, మిగిలిన టీ అన్నీ నాలోకే. సోమవారం షెడ్డు తెరవగానే నా కంపుకు ముక్కులు మూసుకుంటారు, ఇంత ఫినాయిలు గుమ్మరించి ఊదుబత్తి వెలిగిస్తారు. ఆ మనుషులే మధ్యాహ్నం క్యారేజీ విప్పేముందు నాలో చేతులు కడుక్కుంటారు. సబ్బు కన్నా జిడ్డు బాగా వదులుతుందని గొప్పలొకటి. జిడ్డుతోపాటు గవరయ్య చర్మమూ వదిలింది. నీళ్లు మీదికి చిమ్మకుండా అడ్డం ఉండే రేకును, పని కనపడటం లేదని వీళ్లే ఊడబీకి మూల పడేశారు. వీళ్ల మీద నాకు జాలి లేదు.

ఆయుధపూజ నాడు గవరయ్య భార్య సన్యాసమ్మ షెడ్డుకొచ్చింది. పట్టుపంచె కట్టిన భూపతి లేతుకు తల నుంచి తోక దాకా వేలితో కుంకుమ అద్దాడు. నా వంతు వచ్చేసరికి వెనక్కి జరిగి, చిటికెడు నా మీదికి విసిరాడు.

హారతి అయ్యాక సన్యాసమ్మ అంది: "ఇది అంటురోగం కాదట బాబూ. ఈ నూనెనీళ్ల వల్లేనని ఆసుపత్రిలో డాట్రమ్మ సెప్పింది. ఆటిని పారబోయించండి. సేతులు కడుక్కోడానికి సబ్బూ నీళ్లూ ఎట్టించండి. మడిసి మనవరాల్ని ఎత్తుకోవాలి కదా."

"డాక్టర్లు ఏదో ఒకటి అంటారమ్మా. మీ ఆయనది వేడి ఒళ్లు. ఈ నూనెనీళ్లు పాలతో సమానం, ఎవర్నీ ఏం చెయ్యవు," అన్నాడు భూపతి కొబ్బరిముక్కలు పంచుతూ. గవరయ్య తల వంచుకుని చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"మరి మిసనంతటికీ ఏలితో బొట్టెట్టినారు. తొట్టికాడికొచ్చీసరికి దూరం నుంచి ఇసిరీసినారేటి బాబూ?"